నవ్విస్తూనే నిలదీసే రాతలు

అమెరికాలో సీబీఎస్ టెలివిజన్ 1968 సెప్టెంబరు 20న మొదలుపెట్టిన 'హవాయి ఫైవ్-ఓ' 1980 దాకా 12 సీజన్లు నడిచింది. సరిగ్గా 42 ఏళ్ళ తర్వాత, 2010 సెప్టెంబరు 20న, అదే సంస్థ ఆ నేరపరిశోధన కథను కొత్త నటులతో మళ్ళీ ఎత్తుకుంది. పేరు చివర 'ఓ' అక్షరం ఉన్నచోట సున్నా అంకె వచ్చి కూర్చుంది. ఆ సున్నా ధారావాహిక 2020 ఏప్రిల్ 3న 240వ ఎపిసోడ్‌తో ముగిసింది. ఇలాంటి ధారావాహికలకు పత్రికల్లో సమీక్షలు సాధారణంగా తొలి ఎపిసోడ్‌కే వస్తాయి. తర్వాత ప్రతి వారం చూసి, కథను మళ్ళీ చెబుతూ, నవ్విస్తూ రాసేది అభిమానులు. ఆ రాతలకు రీక్యాప్ అని పేరు. వీటిని కాలక్షేపం కింద కొట్టిపారేయడం అన్యాయమని నా అభిప్రాయం. ఒక ధారావాహిక మీద వచ్చే విమర్శలో ఇంత దగ్గరగా, ఇంత ఓపికగా చూసి చేసేది ఇంకొకటి లేదు.

బుర్రకథ చూసి పెరిగినవాళ్ళకు ఈ పని కొత్తగా అనిపించదు. నడుమ కథకుడు తంబురా మీటుతూ కథ నడుపుతుంటాడు. ఒక పక్క రాజకీయ వంత, మరో పక్క హాస్య వంత. కథకుడు వీరావేశంలో ఉండగా హాస్య వంత అడ్డం తగిలి, జనం మనసులో మెదులుతున్న అనుమానాన్నే పైకి అడిగేస్తాడు. కథ ఆగదు, రసం చెడదు. కునికిపాట్లు పడుతున్నవాడు కూడా సర్దుకుని కూర్చుంటాడు. అయితే కథంతా నోటికి రాని హాస్య వంత ప్రశ్న సరైన చోట పడదు. రీక్యాప్ రాసేవారికీ అంతే, ముందు కథ మీద పట్టు ఉండాలి, ప్రేమ ఉండాలి.

మొదటి ఎపిసోడ్‌లో గ్యారేజీ ఘట్టమే చూడండి. నౌకాదళ కమాండో స్టీవ్ మెక్‌గారెట్, తండ్రి హత్య జరిగిన ఇంటికి వచ్చి గ్యారేజీలో ఒక పనిముట్ల పెట్టె చూస్తాడు. అంతలో న్యూజెర్సీ నుంచి బదిలీపై వచ్చిన డిటెక్టివ్ డానీ విలియమ్స్ లోపలికి అడుగుపెడతాడు. ఇద్దరూ తుపాకులు ఎక్కుపెట్టుకుని, ముందు నీ గుర్తింపు కార్డు చూపించు అంటే ముందు నీది చూపించు అని వాదులాడుకుంటారు. ఇది నా కేసు, బయటికి నడవమంటాడు డానీ. మెక్‌గారెట్ గవర్నరుకు ఫోను చేస్తాడు, ఆమె ఇవ్వజూపిన ప్రత్యేక దళం నాయకత్వానికి ఒప్పుకుని ఆ ఫోనులోనే ప్రమాణం చేస్తాడు, కేసు తన చేతిలోకి తీసుకుంటాడు. మిత్రుల కోసం తెలుగులో నేను రాసిన రీక్యాప్‌లో ఈ భాగం ఇలా ఉంది: "డానీ గారి జాతకం చూడండి. ఉదయం కేసు ఉంది, మధ్యాహ్నానికి పోయింది. సాయంత్రానికి చేతికి తూటా తగిలింది. ఇక మిగిలింది కారు. వచ్చే వారానికి దాని స్టీరింగూ ఆయనది కాదు."

నవ్వుకుని వదిలేసే ముక్కలే కావచ్చు. కానీ ఈ ధారావాహిక ఎలా కట్టారో అందులో ఉంది. నాయకుడి ప్రతాపమంతా పక్కవాడి దగ్గర నుంచి లాక్కున్నదే. ఆ కమరో కారు డానీది, నడిపేది మాత్రం మెక్‌గారెట్. పదేళ్ళ పాటు ఆ కారులో ఇద్దరి మధ్య సాగే కొట్లాటలు అభిమానులకు ప్రాణం. వాటి మూలం ఆ గ్యారేజీలో ఉందని గంభీరమైన సమీక్ష ఒక పేజీ రాసి చెప్పాలి. సరదా రాత నాలుగు వాక్యాల్లో చెప్పేస్తుంది.

విశాఖలో కూర్చుని చూసేవారికి ఇందులో అదనపు రుచి ఉంది. ఈ కథ జరిగే హోనలూలుకు పెర్ల్ హార్బర్ నౌకాస్థావరం ఎలాగో మనకు తూర్పు నౌకాదళం అలాగ. 2024లో పలు దేశాల నౌకాదళాలు కలిసి చేసే రింపాక్ విన్యాసాల కోసం మన యుద్ధనౌక ఐఎన్ఎస్ శివాలిక్ పెర్ల్ హార్బర్‌కే వెళ్ళింది. మల్కాపురం, సింధియా వైపు నౌకాదళంలో పనిచేసి రిటైరైన కుటుంబాలకు కొదవ లేదు. అలాంటి ఒక పెద్దాయనకు నా రీక్యాప్ వినిపిస్తే, పేలుళ్ళూ తుపాకులూ అన్నీ పక్కన పెట్టి, లెఫ్టినెంట్ కమాండర్ హోదాలో ఉన్నవాడు గడ్డం గీసుకోకుండా ఎలా తిరుగుతున్నాడని అడిగారు. తర్వాతి రీక్యాప్ ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాను. మన ఊరివాళ్ళకు ఈ చూపు ముందు నుంచీ ఉంది. సినిమాలో ఆర్కే బీచ్ దగ్గర మలుపు తిరిగిన కారు మరుక్షణం అరకు ఘాట్‌లో తేలితే, మధ్యలో వంద కిలోమీటర్లు ఏమయ్యాయని హాలులోనే అడుగుతారు.

వ్యాపార ప్రకటనల సంగతిలో ఈ రాతలు చేసిన మేలు మరీ పెద్దది. 2012లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో కమెకోనా అనే పాత్ర ఒక శాండ్‌విచ్ కంపెనీని పేరుపెట్టి పొగుడుతుంది, అది తినే బరువు తగ్గానంటుంది. కథ అక్కడ ఆగిపోయి బేరం మొదలవుతుంది. పత్రికలో ప్రకటన వేస్తే అది ప్రకటన అని తెలిసేలా వేయాలి. పాత్ర నోటి మాటకు ఆ ముద్ర ఉండదు. ఆ ముద్ర వేసింది నవ్వులాటగా రాసిన అభిమానులే.

మన ఇళ్ళకు దగ్గరి ఉదాహరణ సోనీ వారి హిందీ నేరపరిశోధన ధారావాహిక 'సీఐడీ'. 1998 జనవరిలో మొదలై 2018 అక్టోబరులో ఆగిపోయింది. 2024 డిసెంబరు 21న తిరిగి వచ్చింది. నడుమ ఆరేళ్ళూ దాన్ని జనం నోట నిలిపింది ఇన్‌స్పెక్టర్ దయా బద్దలుకొట్టే తలుపుల మీద, వేళ్ళు తిప్పుతూ అనుమానపడే ఏసీపీ ప్రద్యుమ్న్ మీద పుట్టిన హాస్యమే. హిందీ అంతగా రాని ఇళ్ళలో కూడా తలుపు గట్టిగా కొడితే దయా వచ్చాడనేవారు. 2025 ఏప్రిల్‌లో ఆ ఏసీపీ చనిపోయినట్టు చూపించినప్పుడు అభిమానులు భగ్గుమన్నారు. కొన్ని వారాలకే ఆ పాత్రధారి శివాజీ సాటమ్ తిరిగి తెర మీదికి వచ్చారు. ఇన్నేళ్ళు ఆ పాత్రను చూసి నవ్వినవాళ్ళే దాని కోసం పోట్లాడారు. నవ్వు వేరు, చులకన వేరు.

ఈ హాస్యానికి ఇంకాస్త బరువైన పని కూడా ఉంది. నీ పద్ధతుల మీద ఎవరూ చర్య తీసుకోరని గవర్నరు మెక్‌గారెట్‌కు హామీ ఇస్తుంది. తొలి సీజన్‌లోనే అతడు అనుమానితుణ్ణి మేడ మీంచి వేలాడదీస్తాడు. 'సీఐడీ'లో చెంపదెబ్బతో నిజం బయటికొస్తుంది. మన దేశంలో డీకే బసు కేసులో 1996లోనే సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: అరెస్టుకు మెమో రాయాలి, దాని మీద సాక్షి సంతకం ఉండాలి, బంధువులకు కబురు చేయాలి, కస్టడీలో 48 గంటలకోసారి వైద్య పరీక్ష చేయించాలి. వేలాడుతున్న మనిషిని చూపించి, మెమో మీద సాక్షి సంతకం ఎవరిదండీ అని రీక్యాప్ అడిగితే జనం నవ్వుతారు. తెర మీద ఆ దెబ్బకు చప్పట్లు కొట్టే అలవాటును ఆ ప్రశ్న కాస్త కదిలిస్తుంది. నేను రీక్యాప్‌లు రాయడానికి పెద్ద కారణం ఇదే.

అయితే హద్దు తెలియని హాస్యమూ ఉంది. కమెకోనాగా నటించిన టేలర్ వైలీ ఒకప్పుడు సుమో మల్లుడు. ఆయన శరీరం మీద వేసిన జోకులు చాలానే చదివాను. 'సీఐడీ'లో ఫ్రెడరిక్స్‌గా నవ్వించిన దినేశ్ ఫడ్నిస్‌నూ ఇలాగే ఆడుకున్నారు. ఫడ్నిస్ 2023 డిసెంబరులో, వైలీ 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆ రాతలు ఇప్పుడు చదవబుద్ధి కాదు. అప్పుడు మాత్రం అవి కథ గురించి ఏం చెప్పాయి? రాసేవారు రచనను, నిర్మాణాన్ని, లెక్కలను పట్టుకోవాలి. నటుడి ఒళ్ళు మనకెందుకు?

లెక్కలంటే ఇలాంటివి. 2017లో, ఎనిమిదో సీజన్‌కు ముందు, డేనియల్ డే కిమ్, గ్రేస్ పార్క్ ఈ ధారావాహిక నుంచి తప్పుకున్నారు. ఇద్దరూ కొరియా మూలాలున్న నటులు. ప్రధాన పాత్రధారులైన ఇద్దరు తెల్లజాతి నటులతో సమానంగా పారితోషికం అడిగారని, బేరం కుదరలేదని వార్తలు వచ్చాయి. భారీగా పెంచుతామని తామే ముందుకొచ్చామని సీబీఎస్ చెప్పింది. కథలో మాత్రం కిమ్ పాత్ర చిన్ హో శాన్‌ఫ్రాన్సిస్కోలో సొంత దళం నడపడానికి వెళ్ళాడు, పార్క్ పాత్ర కోనో మనుషుల అక్రమ రవాణా ముఠాల వెంట వెళ్ళిపోయింది. ఏడు సీజన్లు భుజం కలిపి తిరిగిన సహచరులను అంత తేలికగా సాగనంపితే, ఆ దీవుల కథలో ఆసియా ముఖాలకు దక్కిన చోటెంత, మాటలెన్ని అని ఎపిసోడ్ ఎపిసోడ్‌కూ లెక్కతీయగలిగేది ప్రతి వారం చూసిన అభిమాని మాత్రమే. ఆ లెక్క నవ్విస్తూ రాసినా నాకు అభ్యంతరం లేదు, రాయడం మానకూడదు.