ఇంటి లోను అంటగట్టేవాడికి లైసెన్స్ అక్కర్లేదా?

మౌలిక వసతులకు అప్పులిచ్చే ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ తన బాకీలు ఎగవేయడం, ఆ వెంటే ఇంటి లోన్లిచ్చే డీహెచ్ఎఫ్ఎల్ పతనం అందరికీ తెలిసిన కథే. ఆ గండం నడుస్తుండగానే, 2019 ఆగస్టులో, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల (ఇంటి లోన్లిచ్చే బ్యాంకేతర సంస్థల) నియంత్రణను కేంద్రం నేషనల్ హౌసింగ్ బ్యాంకు నుంచి తప్పించి రిజర్వు బ్యాంకుకు అప్పగించింది. రీఫైనాన్స్ పేరిట ఆ కంపెనీలకు అప్పులిచ్చే సంస్థే వాటికి నియమాలూ పెట్టడం మొదటి నుంచీ తప్పు కాబట్టి, మార్పు మంచిదే. మరుసటి ఏడాది ఆర్‌బీఐ ఆ కంపెనీలకు ఉండాల్సిన కనీస సొంత నిధుల్ని 20 కోట్లకు పెంచింది. ఇవన్నీ కంపెనీ మునిగిపోకుండా చూసే నియమాలు. లోను తీసుకునే మనిషి మునిగిపోకుండా ఎవరు చూస్తున్నారు?

హైదరాబాద్‌లో ఏదైనా వెంచర్ సైట్ ఆఫీసుకి వెళ్లండి. ఫ్లాట్ అమ్మే ఏజెంటుకి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి. బీమా ఏజెంటు, మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ పరీక్ష పాసవ్వాలి. బాకీ వసూలుకు వచ్చే రికవరీ ఏజెంటు కూడా కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మన చేత ఇరవై ఏళ్ల అప్పు మీద సంతకం పెట్టించే డీఎస్ఏకి, అంటే కమీషన్ మీద లోన్లు కుదిర్చే ఏజెంటుకి మాత్రం సొంత లైసెన్స్ లేదు. అతనికి శిక్షణ ఇచ్చుకోమని కంపెనీలకు చెప్పి ఊరుకున్నారు.

దీని ఫలితం జేబు మీద పడుతోంది. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్త ఫ్లోటింగ్ (వడ్డీ మారుతుండే) ఇంటి రుణాలను రెపో (బ్యాంకులకు ఆర్‌బీఐ అప్పిచ్చే వడ్డీ రేటు) లాంటి బయటి ప్రామాణిక రేటుకు ముడిపెట్టాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ నిబంధన లేదు, తమ సొంత రేటునే ఆధారంగా చూపించుకోవచ్చు. రెపో తగ్గినప్పుడు బ్యాంకు కస్టమర్‌కి వడ్డీ దానంతటదే తగ్గుతుంది. కంపెనీ కస్టమర్ చాలాసార్లు తనే అడగాలి, తగ్గిన రేటుకు మారడానికి కన్వర్షన్ ఫీజు కూడా కట్టాలి. అప్పు మొత్తం మీద లక్షల్లో తేడా తెచ్చే ఈ సంగతి సంతకానికి ముందు చెప్పాల్సింది ఆ ఏజెంటే. కానీ అతని కమీషన్ లోను మంజూరైతేనే వస్తుంది.

అమెరికా ఈ పాఠం 2008లో నేర్చుకుంది. సేఫ్ చట్టం కింద బ్యాంకేతర సంస్థల్లో ఇంటి రుణాలు ఇప్పించే ప్రతి వ్యక్తీ 20 గంటల శిక్షణ తీసుకోవాలి, పరీక్ష రాయాలి, వేలిముద్రలు ఇవ్వాలి. ఒక్కొక్కరికీ ఒక నంబరు ఉంటుంది. దాంతో ఆ మనిషి గత చరిత్ర ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఒక కంపెనీలో మోసం చేసి ఇంకో కంపెనీలో తేలడం అంత తేలిక కాదు.

ఏజెంటు తప్పుకి కంపెనీయే బాధ్యురాలు కదా, మళ్లీ లైసెన్స్ ఎందుకు, కుర్రాళ్ల ఉపాధి పోతుంది అంటారు. కంపెనీ మీద ఫిర్యాదు చేయాలంటే ఎవరు ఏం చెప్పారో రుజువు కావాలి. నోటిమాటకి రుజువు ఎక్కడిది? ఒక్క పరీక్షతో పోయే ఉపాధి అయితే బీమా ఏజెంట్లు ఇన్ని లక్షల మంది ఉండేవారే కాదు.

అసలు మన ఆర్థిక నియంత్రణ అంతా సంస్థ లెక్కల పుస్తకం వైపు నుంచే మొదలవుతుంది. రుణగ్రహీత వైపు నుంచి ఆలోచిస్తే ఎలా ఉంటుందో ఆర్‌బీఐ 2023లో తనే చూపించింది: అప్పు తీరిన 30 రోజుల్లో ఇంటి పత్రాలు తిరిగి ఇవ్వాలి, సంస్థ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు కట్టాలి. మామూలు మనిషి కౌంటర్ దగ్గర నిలబడి అడగగలిగే హక్కు అది. అంత స్పష్టతే అప్పు మొదలయ్యే రోజునా కావాలి. ప్రతి డీఎస్ఏకీ పరీక్ష, నంబరు ఉండాలి, ఆ నంబరు లోను అప్లికేషన్ మీద ఉండాలి. వడ్డీ ఏ రేటుకు ముడిపడి ఉందో తెలుగులో రాసిచ్చి, దాని కింద ఏజెంటు సంతకం చేయాలి.