పనితనం తెలిసినవాడి సంతకం చెల్లదా?

గల్ఫ్‌కు పోయేవాళ్లు పాస్‌పోర్టు చేతికి రాగానే చూసుకునేది ఈసీఆర్ (వలసకు ముందు తనిఖీ అవసరం) ముద్ర ఉందా లేదా అని. పదో తరగతి పాసైన మెమో ఉంటే ఆ ముద్ర పడదు. లేకపోతే సౌదీ, ఖతర్, కువైట్ లాంటి 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఈ నిబంధనకు కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో ఒకటి నాకు భలే నచ్చుతుంది: అన్నీ కలిపి మూడేళ్లకు పైగా విదేశంలో ఉండొచ్చినవాళ్లకు మెమో లేకున్నా ఆ ముద్ర అక్కర్లేదు. మూడేళ్ల పరాయి బతుకు పదో తరగతికి సాటి అని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు.

ఆ ఒప్పుకోలు విమానాశ్రయం దాటి ఇవతలికి రాదు. జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో వెళ్లి, పన్నెండేళ్లు దుబాయ్‌లో సెంట్రింగ్ పని చేసి, ఫోర్‌మన్‌గా ముప్పై మందిని నడిపిన మనిషిని తీసుకోండి. ఇంటికొచ్చాక ఏ దరఖాస్తు నింపినా విద్యార్హత గడిలో 'ఎనిమిదో తరగతి' అనే రాసుకోవాలి. డ్రాయింగ్ చదవడం, ఎత్తు మీద పనిచేసేటప్పుడు జాగ్రత్తలు, హిందీ, కాస్త అరబ్బీ, నేపాలీతోనూ పాకిస్తానీతోనూ ఒకే జట్టులో పని నడిపించడం ఆయనకు వచ్చు. వీటికి గడి లేదు.

మేస్త్రీల లోకంలో ఈ తంటా లేదు. 'ఫలానా మేస్త్రి దగ్గర ఆరేళ్లు చేశాడు' అంటే చాలు, కూలి ఖాయమైపోతుంది. ఆ మేస్త్రి పేరే సర్టిఫికెట్. చిక్కల్లా, ఆ పేరు అడ్డా దాటితే ఎవరికీ తెలియదు. కరీంనగర్‌లో చెల్లిన మాట పుణెకు చేరేసరికి ఉత్త మాటే.

ఆ మాటను దూరం మోసుకుపోయే సాధనం ఒకటుంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వెనకున్న మొజిల్లా ఫౌండేషన్ 2011లో, మెకార్థర్ ఫౌండేషన్ సాయంతో, 'ఓపెన్ బ్యాడ్జెస్' అనే డిజిటల్ గుర్తింపు పత్రాల పనికి పూనుకుంది. పైకి చూస్తే చిన్న బొమ్మ. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఎప్పుడు, ఏం చేసి చూపిస్తే ఇచ్చారు, ఆ పనికి సాక్ష్యం ఎక్కడుంది అన్నవన్నీ దాని కడుపులో ఉంటాయి. 2017లో ఆ ప్రమాణాల బాధ్యత ఐఎంఎస్ గ్లోబల్ అనే సంస్థకు వెళ్లింది. దాని ఇప్పటి పేరు వన్‌ఎడ్‌టెక్. తాజా 3.0 రూపంలో బ్యాడ్జీకి డిజిటల్ సంతకం ఉంటుంది. ఒక్క అక్షరం మార్చినా తనిఖీలో బయటపడుతుంది. జిరాక్సుల మీద గెజిటెడ్ ఆఫీసరు ఆకుపచ్చ ఇంకు సంతకం కోసం వరండాల్లో పడిగాపులు పడ్డ తరానికి ఈ సౌకర్యం విలువ వేరే చెప్పక్కర్లేదు.

నా దృష్టిలో సంతకం కంటే పెద్ద సంగతి పేరులో ఉన్న 'ఓపెన్'. బ్యాడ్జీ ఇచ్చే హక్కు ఎవరి గుత్తా కాదు. విశ్వవిద్యాలయం ఇవ్వొచ్చు, గ్రంథాలయం ఇవ్వొచ్చు, కార్మిక సంఘమో చేనేత సహకార సంఘమో ఇవ్వొచ్చు. మనం డిజిటల్‌ను తీసుకుని ఓపెన్‌ను గుమ్మం బయటే ఉంచాం. 2015లో డిజిలాకర్ వచ్చింది, మెమోలూ లైసెన్సులూ ఫోన్లోకి చేరాయి. మంచిదే. కాగితం ఉన్నవాడి కాగితం భద్రమైంది. లేనివాడి లాకరు ఖాళీగానే ఉంది.

దీనికి ప్రభుత్వం దగ్గర జవాబు లేకపోలేదు. 2015లోనే మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఆర్‌పీఎల్ అనే విభాగం ఉంది, ముందే నేర్చినదానికి గుర్తింపు అని దాని అర్థం. కొన్ని గంటల ఓరియెంటేషన్, ఒక పరీక్ష, ఆపైన సర్టిఫికెట్. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ విధానం ఇంకో అడుగు వేసి, ఏడాదికి 1200 గంటల అభ్యాసానికి 40 క్రెడిట్లని, అంటే చదువును కొలిచే పాయింట్లని, లెక్కగట్టింది. పని అనుభవానికీ వెయిటేజీ పెట్టింది, ఏడేళ్లు దాటితే రెట్టింపు దాకా. అయితే ఆ రెట్టింపు ముందే సంపాదించిన క్రెడిట్ల మీద. సున్నాను రెండుతో హెచ్చవేస్తే వచ్చేది సున్నానే. మొదటి అంకె వేయాల్సింది ఆర్‌పీఎల్ పరీక్ష, వేసేది బయటి నుంచొచ్చిన అసెసరు. ముప్పై ఏళ్ల తాపీ మేస్త్రి పనితనాన్ని ఒక పూటలో తేల్చేస్తారు. ఆయన కట్టిన ఇళ్లు అదే ఊళ్లో నిలబడి ఉంటాయి, వాటిని చూడమని ఎవరికీ తోచదు.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోనూ ఇదే తీరు. 18 వృత్తులవారికి సర్టిఫికెట్, గుర్తింపు కార్డు, పనిముట్లకు 15 వేల రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు ఇస్తారు. డబ్బు సంగతి సరే. ఇతను వడ్రంగే అని మొదట ధ్రువీకరించాల్సింది గ్రామ పంచాయతీ, పట్టణమైతే పురపాలక సంస్థ. సాటి వడ్రంగిని అడిగే ఏర్పాటు లేదు. చేనేత ఆ 18లో లేదు. నేతన్నకు వేరే కార్డుంది, అది అతను నేతగాడని చెబుతుంది, డిజైన్లు నేసే జాకార్డు మగ్గం మీద ఎంత చెయ్యి తిరిగినవాడో చెప్పదు.

తెలిసినవాళ్లే తెలిసినవాళ్లను గుర్తిస్తే ఏమవుతుందో మనం చూశాం కూడా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఆధ్వర్యంలో పొదుపు సంఘాలు బలపడ్డాక, వాటి వల్ల నిలదొక్కుకున్న మహిళలే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లు, మన వాడుకలో సీఆర్‌పీలు అయ్యారు. వాళ్లు పక్క జిల్లాలకు వెళ్లి సంఘాలు కట్టించారు. తర్వాత బీహార్‌లో జీవిక కార్యక్రమానికి వెళ్లారు. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ మొదలయ్యాక మరిన్ని రాష్ట్రాలకు వెళ్లారు. భాష రాని ఊళ్లలో రోజుల తరబడి ఉండి మీటింగు నడపడం, అప్పు తిరిగి కట్టించడం నేర్పారు. బాగా చదువుకున్న అధికారులు చేయలేని పని అది. వాళ్లకున్న అర్హత బతుకు నేర్పింది, దానికి పూచీ పడింది వాళ్ల సమాఖ్యలు. అదే మహిళ రేపు సొంత మండలంలో కోఆర్డినేటరు ఉద్యోగానికి వెళ్తే, డిగ్రీ ఉందా అన్న మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. మండల సమాఖ్య ఆమెకు బ్యాడ్జీ ఇచ్చి, ఎన్ని సంఘాలు కట్టింది, ఏ ఊళ్లో, వాటి పరిస్థితి ఇవాళ ఎలా ఉంది అన్నది సాక్ష్యంగా జతచేయగలిగితే, ఆ కాగితం చాలా డిగ్రీలకంటే ఎక్కువ చెబుతుంది.

అందరికీ ఇచ్చే హక్కుంటే పెంట పేరుకోదా అంటారు. పేరుకుంటుంది, అనుమానం లేదు. 2020 లాక్‌డౌన్‌లో చూశాంగా. ముప్పావుగంట వెబినార్, చివర్లో గూగుల్ ఫారం, మర్నాటికి మెయిల్లో ఈ-సర్టిఫికెట్. మా మిత్రుల్లో కొందరు లెక్చరర్లు వాటిని ఫైళ్ల కొద్దీ కూడబెట్టారు, ఒకాయన వీడియో ఆపేసి వంట చేసుకుంటూ సంపాదించానని నిజాయితీగా చెప్పాడు. కానీ చూడండి, ఆ సర్టిఫికెట్లు ఇచ్చింది గుర్తింపు ఉన్న కాలేజీలే. వాటిలో లోపించింది సాక్ష్యం. హాజరైతే ఇచ్చేదానికీ, చేసి చూపిస్తే ఇచ్చేదానికీ ఉన్న తేడా బ్యాడ్జీ తెరిచి చూస్తే దాచినా దాగదు.

ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువు ఆపేసి, తల్లి చేతుల నొప్పి చూడలేక, చీర నేతకు ముందు నూలు చుట్టిపెట్టే ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన సాక్ష్యం ఆ యంత్రమే. అందరికీ పద్మశ్రీ ఇవ్వలేం కదా, నడుమ మెట్లు కావాలి.

మెట్లు కట్టినా వాటిని ఎక్కనిచ్చేవాడు ఉండాలి. ఫ్రాన్సులో 2002 నాటి చట్టం ప్రకారం పని అనుభవాన్ని ఫైలుగా రాసి జ్యూరీ ముందు పెట్టి, ఒప్పిస్తే పూర్తి డిగ్రీయే పొందొచ్చు. మనకూ ఆ ధైర్యం ఒకప్పుడుండేది. 1982లో హైదరాబాద్‌లో పుట్టిన దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అంబేద్కర్ యూనివర్సిటీ, బడి మెట్లెక్కనివాళ్లనూ అర్హత పరీక్షతో డిగ్రీలో చేర్చుకుంది. రెండు రాష్ట్రాల నియామక నోటిఫికేషన్లలో 'లేదా తత్సమాన అనుభవం' అన్న మాటను కొన్ని పోస్టులకైనా చేర్చి, దానికి సమాఖ్య బ్యాడ్జీనో సంఘం బ్యాడ్జీనో ఆధారంగా తీసుకోవాలి. అడిగేవాడు లేని సర్టిఫికెట్‌ను ఎవరూ దాచుకోరు.

ఇంకో ఆచరణ చిక్కుంది. తొలి తరం ఓపెన్ బ్యాడ్జీలు మామూలుగా ఈమెయిల్ చిరునామాకు ముడిపడి ఉండేవి. మన ఫోర్‌మన్‌కు ఈమెయిల్ ఉంది. పాస్‌పోర్టు దరఖాస్తు నాడు నెట్ సెంటర్ కుర్రాడు తెరిచింది. పాస్‌వర్డ్ కూడా ఆ కుర్రాడికే తెలుసు, ఆ సెంటర్ మూతపడి చాన్నాళ్లయింది.