ఇంద్రలాల్ రాయ్‌ను పది విజయాలకే పరిమితం చేయవద్దు

లండన్‌లోని సెయింట్ పాల్స్ పాఠశాలలో చదువుకొని, మొదటి ప్రపంచయుద్ధంలో పైలట్‌గా ప్రాణాలర్పించిన ఇంద్రలాల్ రాయ్‌ను స్మరిస్తూ మీరు ప్రచురించిన వ్యాసానికి కృతజ్ఞతలు. అయితే 1918 జూలైలో రెండు వారాలలోపే శత్రువిమానాలపై ఆకాశపోరులో ఆయన సాధించిన పది విజయాల దగ్గరే వ్యాసం ఆగిపోవడం నాకు కొరతగా తోచింది. 1898లో కలకత్తాలో పుట్టిన ఆయన పద్దెనిమిదేళ్ల వయసులో బ్రిటిష్ సైన్యపు విమానదళమైన రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరారు. 1917 డిసెంబరులో విమానం కూలి తీవ్రంగా గాయపడగా, ఇక ఎగరడానికి పనికిరారని వైద్యులు తేల్చారు. అంతటితో గౌరవంగా ఇంటికి మరలిపోయినా ఆయనను తప్పుపట్టేవారెవరూ ఉండేవారు కారు. అయినా పట్టుబట్టి అధికారులను ఒప్పించి, 1918 జూన్‌లో ఫ్రాన్స్‌లోని 40వ స్క్వాడ్రన్‌లో (యుద్ధవిమానాల దళంలో) చేరి మళ్లీ యుద్ధరంగంలోకి దిగారు. ఆ పది విజయాలకన్నా, వాటికి ముందున్న ఆ ఆరునెలల పట్టుదలే గొప్పదని నేను మనసారా నమ్ముతున్నాను. జూలై 22న జర్మన్ ఫోకర్ విమానాలతో జరిగిన పోరులో ఆయన నేలకూలేనాటికి ఇంకా ఇరవయ్యేళ్లు నిండలేదు. డి.ఎఫ్.సి. (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్) అనే బ్రిటిష్ శౌర్యపతకం మరణానంతరమే దక్కింది. ఆ గౌరవం పొందిన తొలి భారతీయుడు ఆయనే. ఉత్తర ఫ్రాన్స్‌లోని లాన్స్ పట్టణానికి సమీపంలో ఉన్న ఎస్తెవెల్ గ్రామ శ్మశానంలో ఉన్న ఆయన సమాధిపై బెంగాలీలోనూ రాత ఉంది. ఫ్రాన్స్‌లో నివసించే తెలుగువారు, ముఖ్యంగా పిల్లలున్నవారు, వీలు చూసుకొని ఒకసారి అక్కడికి వెళ్లిరావాలని కోరుతున్నాను.