పాత పుస్తకాలూ, వాటి పాత పాఠకులూ

పోయిన నెలంతా పాత పుస్తకాలే చదివాను. అన్నీ హైదరాబాదు అబిడ్స్‌లో ఆదివారంపూట, మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పరిచే రాశుల్లోంచి ఏరుకొచ్చినవే. పాత పుస్తకం చవక అంటారు గానీ, దాంతోపాటు పాత పాఠకుడు కూడా ఇంటికొచ్చేస్తాడని ఎవరూ చెప్పరు.

కన్యాశుల్కమే తీసుకోండి. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడి, 1897లో అచ్చయి, 1909లో గురజాడ చేతిమీదుగానే బాగా పెరిగి మళ్ళీ వచ్చిన నాటకం. నాకు దొరికిన ప్రతిని అంతకుముందు ఎవరో పరీక్ష కోసం చదివారు. "నిండా రాతలే ఉన్నాయి, తగ్గించవయ్యా" అన్నాను. "నోట్సుతో సహా ఇస్తున్నా సార్, మళ్ళీ గైడు కొనే పని లేదు" అని పుస్తకాలమ్మేవాడు పది రూపాయలు పెంచాడు. గిరీశం నోరు తెరిచినప్పుడల్లా పక్కన ఎర్ర ఇంకుతో 'ఇంపార్టెంట్'. మధురవాణి కనిపించిన చోటల్లా 'వదిలెయ్'. నాటకం మొత్తంలో బుర్రా మనసూ రెండూ సరిగ్గా పనిచేసే మనిషిని వదిలేసి, గిరీశాన్ని బట్టీపట్టిన ఆ కుర్రాడు ఏమయ్యాడో! గిరీశం దగ్గర చదువుకున్న వెంకటేశం పరీక్ష తప్పిన సంగతి అతను గమనించినట్టు లేదు. దాని పక్కన గీత కూడా లేదు.

అమరావతి కథలు ఇంకో రకం. సత్యం శంకరమంచి కథలు నూరు, వాటికి బాపు బొమ్మలు. నా ప్రతిలో ఏ ఇంటి పిల్లవాడో ఆ బొమ్మల్లోని ఆడవాళ్ళందరికీ స్కెచ్ పెన్నుతో మీసాలు పెట్టాడు. కృష్ణ ఒడ్డున జరిగే కథకు కళ్ళు చెమర్చబోతూ పేజీ తిప్పితే, బాపు బొమ్మ కోరమీసంతో చూస్తోంది. ఇంక ఏడుపెక్కడిది?

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి నవల బారిస్టర్ పార్వతీశం మాత్రం శుభ్రంగా ఉందని సంతోషించాను. మొగల్తూరు నుంచి బయల్దేరినవాడు మద్రాసులో ఆడవాళ్ళ టోపీ కొని దర్జాగా నెత్తిన పెట్టుకునే ఘట్టం దగ్గర మాత్రం, అంచున సన్నటి అక్షరాలతో 'నవ్వకు, ఆఫీసు' అని ఉంది. మొక్కపాటివారిని ఫైలు కింద దాచుకుని చదివిన ఆ గుమాస్తా ఎవరో గానీ, నాకు తెగ నచ్చేశాడు.

గుమాస్తా అంటే గుర్తొచ్చింది. అసలు దెబ్బ తగిలింది ఆ రాశిలో చివర దొరికిన డిటెక్టివ్ నవల దగ్గర. అట్ట లేదు, రచయిత పేరూ లేదు. జమీందారుగారు హత్యకు గురై పట్టుమని పది పేజీలు కాలేదు, గుమాస్తా పేరు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి 'వీడే' అని రాసి ఉంది! అద్దె లైబ్రరీల కాలంలో ఇలాంటి పుణ్యాత్ములు ప్రతి ఊళ్ళోనూ ఉండేవాళ్ళు. ఒళ్ళు మండింది. అయినా డబ్బులు పెట్టాం కదా అని చదివాను. గుమాస్తా కాఫీ తెస్తే అనుమానం, తుమ్మితే అనుమానం. "వెధవ, ఎంత అమాయకంగా ఉన్నాడో చూడు" అని సోఫాలో కూర్చుని పైకే తిట్టేవాణ్ణి. మా అత్తగారు పక్కన చిక్కుడుకాయలు వలుస్తూ వినేవారు.

చివరికి హంతకుడు డాక్టరని తేలింది. గుమాస్తా పాపం జమీందారుగారి కూతుర్ని పెళ్ళి చేసుకున్నాడు. సమాప్తం అన్న మాట కింద అదే పెన్సిల్, అదే చేతిరాత: 'ఎలా ఉంది?'

దాని కింద నీలం బాల్‌పెన్నుతో, అప్పుడే రాసినట్టున్న గుండ్రటి అక్షరాలు: 'ఫరవాలేదు. మధ్యలో కాస్త సాగదీశారు.'

ఆ గుండ్రటి అక్షరాలు మా ఇంట్లో పాలలెక్క రాసే కేలండర్ మీద రోజూ చూసేవే. పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను.

"నేను నవల ఎప్పుడూ చివరి పేజీ నుంచే మొదలుపెడతాను బాబూ. మనశ్శాంతిగా ఉంటుంది" అన్నారు అత్తగారు, పోపు వేస్తూ.

"అయితే నేను రోజూ గుమాస్తాని తిడుతుంటే, వాడు కాదని మీకు ముందే తెలుసా?"

"తెలుసు. మీరు అంత ఉత్సాహంగా తిడుతున్నారు, మధ్యలో ఎందుకు చెడగొట్టడమని ఊరుకున్నాను. పక్కింటి వాళ్ళకి కూడా అదే చెప్పాను, మీకేమీ చెప్పొద్దని."