గల్ఫ్ కార్మికుడి ఓటు సంగతేమిటి?

2024 లోక్‌సభ ఎన్నికల నాటికి విదేశీ ఓటర్లుగా పేరు నమోదు చేసుకున్న భారతీయులు 1,19,374 మంది. వచ్చి ఓటేసినవారు 2,958 మంది. అందులోనూ 2,670 మంది కేరళవారే. ఆంధ్రప్రదేశ్‌లో 7,927 మంది నమోదైతే ఓటేసింది 195 మంది. ప్రవాసులకు ఓటు మీద శ్రద్ధ లేదని ఈ అంకెలు చూపించి తేల్చేయడం అన్యాయం. శ్రద్ధ ఉన్నవాడికి కూడా అందనంత దూరంలో ఓటును పెట్టింది మన చట్టమే.

2010లో ప్రజాప్రాతినిధ్య చట్టానికి 20ఎ సెక్షన్ చేర్చి, మరో దేశ పౌరసత్వం తీసుకోని ప్రవాసులకు ఓటు హక్కు కల్పించారు. 2011 ఫిబ్రవరిలో అది అమల్లోకి వచ్చింది. ఫారం 6ఎ నింపితే పాస్‌పోర్టులోని చిరునామా ఉన్న నియోజకవర్గంలో పేరు చేరుస్తారు. ఓటు మాత్రం ఆ ఊరి పోలింగ్ కేంద్రానికే వచ్చి, ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించి వేయాలి.

సౌదీలోని దమ్మామ్‌లో తాపీ పని చేసే జగిత్యాల మనిషికి, కువైట్‌లో ఇంటిపనికి కుదిరిన రాయచోటి మహిళకు ఇది అయ్యే పనేనా? ఊరికి రావడమే రెండేళ్లకోసారి. ఆ సెలవు ఎప్పుడన్నది యజమాని చెప్పాలి, మన ఎన్నికల తేదీని బట్టి ఇవ్వడు. రానూపోనూ టికెట్టుకు నెల జీతం చాలకపోవచ్చు. చాలామంది పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది. పైగా ఫారం 6ఎ ఒకటుందని వీరికి చెప్పినవారెవరు? జాబితా సవరణకు వచ్చినప్పుడు మనిషి ఊళ్లో లేడని తెలిస్తే మామూలు జాబితాలోంచి పేరు తీసేస్తారు. విదేశీ ఓటర్ల జాబితాలోకి ఎక్కించే బాధ్యత మాత్రం ఎవరికీ లేదు.

ఈ ఇబ్బంది ఢిల్లీకి తెలియనిది కాదు. తమ తరఫున మరొకరు ఓటేసేలా ప్రాక్సీ పద్ధతి తెచ్చే బిల్లును 2018 ఆగస్టులో లోక్‌సభ ఆమోదించింది. 2019లో సభ రద్దవడంతో అది మురిగిపోయింది. అందుకు మాకు చింత లేదు. రహస్యంగా వేయాల్సిన ఓటును ఇంటిపెద్ద చేతిలోనో, ఊరి నాయకుడి చేతిలోనో పెట్టడం రక్షణ కాదు. సైనికులకు ఇస్తున్న ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్‌ను (ఆన్‌లైన్‌లో వచ్చిన బ్యాలెట్‌ను ప్రింట్ తీసి, ఓటేసి, పోస్టులో పంపే పద్ధతి) ప్రవాసులకూ ఇద్దామని 2020 నవంబరులో ఎన్నికల సంఘమే కేంద్రానికి రాసింది. చట్టం మార్చక్కర్లేదు, 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనలు సవరిస్తే చాలని కూడా చెప్పింది. ప్రభుత్వం చర్యలు తీసుకుంటోందన్న హామీ మీద 2022లో సుప్రీంకోర్టు తన ముందున్న పిటిషన్లను ముగించింది. 2024 ఎన్నికలు పాత పద్ధతిలోనే జరిగిపోయాయి.

ఎన్నికల సంఘం చేసిన ఈ పోస్టల్ బ్యాలెట్ ప్రతిపాదన మీద చర్చ నడిచినప్పుడు, గల్ఫ్‌ను పక్కనపెట్టి అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాలతో మొదలుపెట్టే ఆలోచన బయటికి వచ్చింది. దాన్ని మేం గట్టిగా వ్యతిరేకిస్తున్నాం. అమెరికాలోని ఇంజనీరు ఓటూ విలువైనదే. వీసా టెన్షన్ వల్ల రాలేకపోయేవారు అక్కడా ఉన్నారు. కానీ కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన కూలీల కష్టమే ఎక్కువ. మన విదేశాంగ విధానం, రాయబార కార్యాలయం పనితీరు వారి జీతం బకాయిల మీద, జైలు కేసుల మీద, చివరికి శవం ఇల్లు చేరే రోజు మీద కూడా ప్రభావం చూపుతాయి. వారిని తర్వాత చూద్దామంటే ఎలా?

బ్యాలెట్ డౌన్‌లోడ్ చేసి, ప్రింట్ తీసి, పోస్టు చేయమంటే లేబర్ క్యాంపులో ఉండేవాడికి కుదరదు. అతనికి దగ్గరలో ఒక పోలింగ్ కేంద్రం కావాలి. ఫిలిప్పీన్స్ 2003లో చట్టం చేసి, 2004 నుంచే గల్ఫ్‌లోని తన కార్మికుల చేత రాయబార కార్యాలయాల్లో ఓటు వేయిస్తోంది. అక్కడి ప్రభుత్వాలు ఒప్పుకోవనే సాకు మనకు చెల్లదు.

రియాద్, జెడ్డా, దుబాయ్, దోహా, కువైట్, మస్కట్‌లలోని మన కార్యాలయాల్లో పోలింగ్‌కు కేంద్రం ఇప్పుడే ఆయా దేశాలతో మాట్లాడాలి. ఓటు వేసేచోట పాస్‌పోర్టు నకలు, స్థానిక గుర్తింపు కార్డు సరిపోయేలా నిబంధన మార్చాలి. పాస్‌పోర్టు ఇచ్చేటప్పుడే ఫారం 6ఎ గురించి చెప్పాలి. 2029 లోక్‌సభ ఎన్నికలలోపు ఇవి జరగాలంటే రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్టీలు పక్కనపెట్టి వచ్చే పార్లమెంటు సమావేశాల్లోనే అడగాలి.