జపాన్ ప్లైవుడ్ మెసేజ్ ఇంకోసారి పంపితే గ్రూపు వదిలేస్తా

ఈ వారంలో ఇది నాలుగోసారి. అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో ఒకసారి, ఆఫీసు గ్రూపులో ఒకసారి, మా బావగారు విడిగా రెండుసార్లు. రెండు జెండాలు, రెండు గీతలున్న ఒక గ్రాఫు. జపాన్ ప్లైవుడ్ దిగుమతి తగ్గుతోందట, మనది పెరుగుతోందట. కాబట్టి వాళ్ళు చెక్క మానేశారు, మనం పరాయి అడవులు మింగుతున్నాం. మన మిల్లుల సరుకు చెత్త గనక ‘ఇంపోర్టెడ్’ అని ఉన్నదే కొనాలి, ఐఎస్ఐ గుర్తు ఉత్త నాటకం. దిగుమతి పాపమట, కొనాల్సింది మాత్రం దిగుమతి సరుకేనట!

జపాన్ గీత దిగిన మాట నిజమే, కానీ చెక్క మానేసి కాదు. ఒకప్పుడు వాళ్ళు ఆగ్నేయాసియా దుంగలు తెప్పించుకుని సొంత మిల్లుల్లో పొరలు తీసి ప్లైవుడ్ చేసుకునేవాళ్ళు. 1985 నాటికి ఇండోనేషియా దుంగలు పంపడం ఆపేసింది. దాంతో అదే చెట్టు ప్లైవుడ్‌గా మారి ఓడెక్కింది, దిగుమతి గీత లేచింది. తర్వాత, రెండో ప్రపంచ యుద్ధమయ్యాక తమ దేశంలోనే నాటుకున్న సుగి అనే చెట్లు చేతికొచ్చాయి, గీత దిగింది. ఆ ముందుచూపుకు మెచ్చుకోవాల్సిందే, ఏటా వసంతంలో ఆ సుగి పుప్పొడికి దేశమంతా తుమ్ముతున్నా సరే. 2011లో గీత కాస్త లేవడం గురించి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. ఆ మార్చిలో సునామీ అక్కడి ఇషినోమాకి ఊరి ప్లైవుడ్ మిల్లులను ముంచేసింది మరి.

రెండు దేశాల జనాభా తేడా సంగతి చెప్పను, తలకెంతో ఎవరికి వాళ్ళు లెక్కేసుకోండి.

మన గీత దగ్గరకొస్తే, కస్టమ్స్ లెక్కల్లో ఒక్కోదానికి ఒక్కో కోడ్: దుంగలు 4403, వెనీర్ అనే పల్చటి చెక్క పొరలు 4408, ప్లైవుడ్ 4412. గ్రాఫులో ఉన్నది చివరిదొక్కటే. లోపలి పొరలకు మనం వాడేది ఎక్కువగా రైతుల పొలాల్లో పెరిగిన పాప్లర్, నీలగిరి. పైపొర మాత్రం చాలావరకు బయటిదే. 2010లో ఆఫ్రికా దేశం గాబన్ దుంగల ఎగుమతి ఆపాక అక్కడే వెనీర్ తీయించి తెచ్చుకుంటున్నాం. అంటే మనల్ని తిట్టడానికి నిజంగా పనికొచ్చే సంగతి ఆ గ్రాఫులో లేనే లేదు, పాపం.

ఇక ఐఎస్ఐ నాటకం. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే, ఎందుకంటే ఆ మాట నమ్మి డబ్బు పోగొట్టుకున్నదాన్ని నేను. మైసూరు రోడ్డు వైపు ఒక దుకాణంలో ‘ఇంపోర్టెడ్ మేడమ్, దీనికి ఐఎస్ఐ ఎందుకు’ అంటే తలూపి వంటింటికి తెచ్చా. ఆరు నెలలకి సింక్ కింద తలుపు మూసుకోవడం మానేసింది. చూస్తే అడుగు చెక్క పూరీలా పొంగింది. మిగిలిన ముక్కొకటి పాత గిన్నెలో ఉడకబెట్టా. కాఫీ తాగి వచ్చేసరికి తడిసిన పుస్తకంలా పొరలకు పొరలే ఊడి తేలుతున్నాయి. నీటిని తట్టుకునే మెరైన్ గ్రేడ్ అని ఐఎస్ 710 ముద్ర వేయాలంటే 72 గంటలు ఉడికించినా జిగురు పట్టు వదలకూడదు, నాది అరగంట కూడా ఆగలేదు.

దొంగ ముద్రలు లేవా? ఉన్నాయి, ఒప్పుకుంటా. అందుకే షీటు మీది లైసెన్సు నంబరు ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థ బీఐఎస్ వాళ్ళ ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొట్టి చూడాలి. పైగా 2025 నుంచి విదేశీ ప్లైవుడ్‌కి కూడా ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. ఇక ‘ఇంపోర్టెడ్ కాబట్టి అక్కర్లేదు’ అనేవాడు ఏం అమ్ముతున్నాడో మీరే ఊహించుకోండి.

బావగారూ, మీ వార్డ్‌రోబ్ పని శుక్రవారం మొదలన్నారు కదా. షీట్లు దిగగానే ఆ నంబరు ఫొటో తీసి పంపండి. గ్రాఫు వద్దు.