కరపత్రానికున్న కట్టుబాటు సైనిక ప్రచారానికి లేదా?

ఎన్నికల వేళ హనుమకొండలోనో జగిత్యాలలోనో ఏ చిన్న ప్రెస్సులో కరపత్రం వేసినా, దాని అడుగున ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు, చిరునామాలతో సహా ఉండి తీరాలి. లేకపోతే ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. వార్డు స్థాయి ప్రచారానికి సైతం బాధ్యుడు ఎవరో తెలియాలని చట్టం కోరుతుండగా, ఒక దేశపు సైన్యం ప్రైవేటు కంపెనీకి డబ్బిచ్చి మరో దేశపు ప్రజల మీదికి వదిలే రాతలకు మాత్రం ఏ పేరూ ఉండనక్కర లేదంటే ఒప్పుకోవలసిన పని లేదు.

2005లో ఇరాక్‌లో బయటపడిన లింకన్ గ్రూప్ అనే ప్రైవేటు కంపెనీ వ్యవహారం తెలిసిందే. అమెరికా సైనికులు రాసిన కథనాలు ఆ కంపెనీ ద్వారా, డబ్బు ముట్టిన బాగ్దాద్ పత్రికల్లో మామూలు వార్తలుగా అచ్చయ్యాయి. అంతకన్నా ఘోరమైనది ఫిలిప్పీన్స్ ఉదంతం. కోవిడ్‌తో జనం చనిపోతున్న 2020, 2021 సంవత్సరాల్లో, అక్కడ మొదట అందుబాటులోకి వచ్చిన చైనా టీకా సినోవాక్ మీద అనుమానాలు నాటడానికి, స్థానికులుగా నటించే నకిలీ ఖాతాలను అమెరికా సైన్యం నడిపిందని 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. ఆ ప్రచారంపై అంతకుముందే జరిగిన సైన్యపు అంతర్గత తనిఖీ, ఆ పని చేసిన ప్రైవేటు కాంట్రాక్టరులో పట్టుకున్న లోపం, ఖాతాలు ఎవరివో తెలియకుండా దాచడంలో తగిన జాగ్రత్త తీసుకోలేదన్నది. టీకా వేసుకోకుండా ఆగిపోయిన మనిషి ఆ లెక్కలోకే రాలేదు. ఆ కాంట్రాక్టరైన జనరల్ డైనమిక్స్ ఐటీ కంపెనీకి 2024 ఫిబ్రవరిలో 49.3 కోట్ల డాలర్ల కొత్త కాంట్రాక్టు దక్కిందని అదే కథనం చెబుతోంది. అబద్ధం ఎంత బాగా దాగిందో కొలవడాన్ని పర్యవేక్షణ అనడం ప్రజలను అవమానించడమే.

యుద్ధరంగంలో అన్నీ చెప్పి చేయలేమని, స్థానిక భాషలు, సోషల్ మీడియా తెలిసిన నిపుణులు సైన్యంలో చాలినంతమంది ఉండరని సమర్థకులు అంటారు. కొంత గోప్యత అవసరమే. కానీ శత్రువు నుంచి దాచడం వేరు, సొంత చట్టసభ నుంచి దాచడం వేరు.

అసలు జబ్బు కాంట్రాక్టు పద్ధతిలోనే ఉంది. మన ఉత్తర తెలంగాణకు ఇది కొత్తగా నేర్పవలసిన పాఠం కాదు. ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గు మీది మట్టిని తొలగించే ఓబీ పనుల నుంచి మున్సిపాలిటీల పారిశుద్ధ్యం దాకా, పని చేయించుకునేది ఒకరు, జీతమిచ్చేది మరొకరు అయిన ప్రతిచోటా, ప్రమాదం జరిగిన రోజున "అతను మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి" అన్న జవాబే కార్మికుడి కుటుంబానికి ఎదురవుతుంది. సైన్యాలు కాంట్రాక్టరును పెట్టుకునేది నైపుణ్యం కోసమే కాదు, రేపు ఈ జవాబు చెప్పుకోవడానికి కూడా.

కాబట్టి ఇలాంటి ప్రతి ఒప్పందం, కాంట్రాక్టరు రాసిన ప్రతి రాతా, అనుమతిచ్చిన అధికారి పేరుతో సహా చట్టసభ కమిటీ ముందు ఉండాలి. నిర్ణీత గడువు తీరాక అవి ప్రజలకూ అందాలి. పౌరుల ఆరోగ్యం మీద అబద్ధాలు ప్రచారం చేసిన కంపెనీని మళ్లీ టెండరు వేయనివ్వకూడదు. మన రక్షణ శాఖ ఇటువంటి కాంట్రాక్టులు ఇస్తోందా, ఇస్తే వాటిని కాగ్ తనిఖీ చేస్తోందా అన్న ప్రశ్నను వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి, ఆదిలాబాద్ ఎంపీలు వచ్చే పార్లమెంటు సమావేశాల్లోనే రాతపూర్వకంగా వేయాలి.